పాత ట్రాక్టరుకు కొత్త పంపు పెట్టవచ్చునా?

ట్రాక్టరు వెనుక నాగలి పైకి లేవడం మీలో చాలామంది చూసే ఉంటారు. డ్రైవరు సీటు పక్కనున్న చిన్న పిడిని వేళ్ళతో జరుపుతాడు. ఇద్దరు ముగ్గురు కలిసినా కదపడం కష్టమైన నాగలి తాపీగా పైకి లేస్తుంది. ఎత్తేది డ్రైవరు కాదు, నూనె. పంపు నూనెను తోస్తుంది, నూనె సిలిండరులోని పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ చేతుల్ని లేపుతుంది. పాస్కల్ సూత్రం మీరు చదివినదే గదా!

ఇప్పుడొక ప్రశ్న. డ్రైవరు క్లచ్ తొక్కి ట్రాక్టరును ఆపాడనుకోండి. అప్పుడు పిడి జరిపితే నాగలి లేస్తుందా?

ఈనాటి ట్రాక్టర్లలో చాలావాటికి లేస్తుంది. కాని 1939లో అమెరికాలో వచ్చిన ఫోర్డు 9ఎన్‌లోను, 1947 నుంచి 1952 వరకు తయారైన 8ఎన్‌లోను, ఇంగ్లండులో 1946లో మొదలైన ఫెర్గూసన్ టి.ఇ.20లోను లేవదు. ఎందుకంటే వాటి పంపును తిప్పేది ఇంజను కాదు, వెనుకనున్న పి.టి.ఓ. షాఫ్టు. ఆ షాఫ్టుకు శక్తి క్లచ్ దాటి రావాలి. క్లచ్ తొక్కితే చక్రాలతోపాటు షాఫ్టూ ఆగుతుంది, పంపూ ఆగుతుంది. లేచిన నాగలి సిలిండరులో చిక్కుకున్న నూనె మీద నిలిచి ఉంటుంది, దించితే దిగుతుంది కూడా. కొత్తగా ఎత్తడం మాత్రం కుదరదు. ఎత్తాలంటే గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి, క్లచ్ వదిలి, అప్పుడు పిడి జరపాలి. క్లచ్‌తో నిమిత్తం లేకుండా ఇంజను తిరిగినంతసేపూ పనిచేసే ఏర్పాటును లైవ్ హైడ్రాలిక్స్ అంటారు.

ఇదంతా చదివి హారీ ఫెర్గూసన్ తెలివితక్కువవాడని అనుకోకండి. ఐర్లండులో పుట్టిన ఈ ఇంజనీరు చేసిన మూడు బిందువుల లంకె అంతకుముందున్న పెద్ద ప్రమాదాన్ని తగ్గించింది. పూర్వం నాగలి మొద్దుకు తగిలి ఆగిపోతే ట్రాక్టరు ముందుభాగం లేచి డ్రైవరు మీద తిరగబడేది. పైగా ఆయన పంపు గేర్లున్న పెట్టెలోనే, ఆ నూనెలోనే మునిగి ఉంటుంది. విడిగా ట్యాంకు అక్కర లేదు, బయట గొట్టాలు అక్కర లేదు. పంపులోకి నూనె వచ్చే దారినే మూసి తెరిచే పద్ధతి కనుక ఎత్తే పని లేనప్పుడు పంపు నూనెను ఊరికే తిప్పి శక్తిని వృథా చేయదు. నాగలి ఒక్కటే పని అయితే దీనికి వంక పెట్టలేం.

చిక్కు వచ్చింది నాగలితో కాదు, ముందు తగిలించే లోడరుతో. పేడకుప్పలోకి బొచ్చెను పొడిచారనుకోండి. సరిగ్గా ట్రాక్టరు ఆగాలి, సరిగ్గా అప్పుడే బొచ్చె లేవాలి. ఆపడానికి క్లచ్ తొక్కితే బొచ్చె కూడా ఆగుతుంది! గేరు తీయడం, క్లచ్ వదలడం, ఎత్తడం, మళ్ళీ గేరు వేయడం. రోజుకు వంద బొచ్చెలు ఎత్తే రైతు కాలు ఏమవుతుందో ఊహించుకోండి.

దీని పరిష్కారంలో ఒక కోర్టు కేసుకు కూడా పాత్ర ఉంది. ఫోర్డు, ఫెర్గూసన్ 1938లో చేతులు కలిపి ఒప్పందం చేసుకున్నారు, కాగితం మీద ఏమీ రాసుకోలేదు. తరువాత చెడింది. 1948లో ఫెర్గూసన్ దావా వేశాడు. 1952లో ఫోర్డు కంపెనీ 92 లక్షల 50 వేల డాలర్లు చెల్లించి, ఫెర్గూసన్ మార్కు హైడ్రాలిక్ ఏర్పాట్లు కొన్నింటిని మానుకోవడానికి ఒప్పుకుంది. 1953లో వచ్చిన ఫోర్డు ఎన్.ఎ.ఎ.లో పంపు ఇంజనుకే తగిలించి ఉంది. ఫెర్గూసన్ పక్షం మరో దారి తొక్కింది. ఫెర్గూసన్ 35లో రెండంచెల క్లచ్ పెట్టారు. సగం తొక్కితే చక్రాలు మాత్రం ఆగుతాయి, పూర్తిగా తొక్కితేనే పంపు ఆగుతుంది.

8ఎన్, టి.ఇ.20 ఒక్కొక్కటి ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. టి.ఇ.20లు 1958లో ఎడ్మండ్ హిల్లరీ బృందాన్ని దక్షిణ ధ్రువానికి కూడా చేర్చాయి. ఇంత గట్టి యంత్రాలు అంత తొందరగా పాతసామాను దుకాణానికి పోవు. ఆ దేశాల్లో ఇప్పటికీ ఎందరో వాటితో పని చేయించుకుంటున్నారు. అందుకే ఈ వాదం. పాతదాన్ని పాతదానిలాగే ఉంచాలని కొందరు, ఏదో ఒక పంపు తగిలిస్తే పోతుందని మరికొందరు. మొదటివారి మాట నాకు నచ్చదు. పనిచేయడానికి పుట్టిన యంత్రాన్ని దండ వేసి నిలబెట్టడం దానికి గౌరవం కాదు. రెండోవారి మాట నన్ను భయపెడుతుంది. ఎందుకో లెక్క వేద్దాం రండి.

8ఎన్ ఇంజను ముందు కప్పీకి ఒక షాఫ్టు బిగించి, రేడియేటరు ముందు గేరు పంపు పెడతారు. పంపు ఒక చుట్టుకు 10 ఘన సెంటీమీటర్ల నూనె తోస్తుందనుకుందాం. ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరిగితే 20 లీటర్లు. లోడరుకు రెండు సిలిండర్లు, ఒక్కొక్క దాని లోపలి వ్యాసం 5 సెం.మీ., నిడివి 50 సెం.మీ. అనుకోండి. పిస్టన్ వైశాల్యం 19.6 చదరపు సెం.మీ. కనుక ఒక్కొక్క దానికి సుమారు ఒక లీటరు నూనె పడుతుంది. రెండూ నిండడానికి ఆరు సెకండ్లు. బాగానే ఉంది.

ఇక బలం. పీడనం చదరపు సెంటీమీటరుకు 100 కిలోలైతే ఒక్కొక్క పిస్టన్ 1960 కిలోల బలంతో తోస్తుంది. రెండూ కలిస్తే దాదాపు నాలుగు టన్నులు! 8ఎన్ ట్రాక్టరు మొత్తం బరువే సుమారు 1100 కిలోలు. లోడరు చేతుల పొడవు వల్ల బొచ్చె దగ్గర బలం చాలా తగ్గే మాట నిజమే. అయినా నాగలి దున్నడానికి చేసిన సన్నని ముందు ఇరుసు మీద ఎంత బరువు పడుతుందో పంపుకు తెలియదు. అది తోస్తూనే ఉంటుంది. ఇరుసు వంగినా, వెనుక చక్రాలు తేలి ట్రాక్టరు పక్కకు ఒరిగినా దానికి సంబంధం లేదు. కనుక పీడనం ఒక హద్దు దాటగానే నూనెను ట్యాంకులోకి వదిలే రిలీఫ్ వాల్వు ఉండి తీరాలి. దాని హద్దును ఇరుసును చూసి నిర్ణయించాలి గాని, పంపు శక్తిని చూసి కాదు. బొచ్చె లేవడం లేదని ఆ వాల్వు మరను బిగించేవాడి పక్కన నేనైతే నిలబడను.

శక్తి లెక్క కూడా చూడండి. నిమిషానికి 20 లీటర్లంటే సెకండుకు 333 ఘన సెం.మీ. దాన్ని 100తో గుణించి మీటర్లలోకి మారిస్తే సెకండుకు 333 కిలోగ్రాం-మీటర్లు. 75తో భాగిస్తే 4.4 అశ్వశక్తి. కారు స్టీరింగు పంపు ఒకటి తెచ్చి ఫాను బెల్టుకు తగిలిస్తే చాలదా అంటారు కొందరు. చిన్న పనులకు చాలవచ్చు. ఇంత శక్తి ఒక్కసారిగా అడిగితే మాత్రం బెల్టు జారుతుంది, అదీ బొచ్చె సగంలో ఉన్నప్పుడు.

ఈ పంపు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుందని మరచిపోకండి. పని లేనప్పుడు నూనె సులభంగా ట్యాంకుకు తిరిగిపోయే దారి కంట్రోలు వాల్వులో ఉండాలి. ఆ దారి మూసుకునే రకం వాల్వు పెడితే నూనె అంతా పూర్తి పీడనంతో రిలీఫ్ వాల్వు గుండానే పోవాలి. ఆ 4.4 అశ్వశక్తీ వేడిగా మారుతుంది. వెయ్యి వాట్ల హీటర్లు మూడింటిని నూనె ట్యాంకులో ముంచినట్లే! పంపు మంచిదే, వాల్వు మంచిదే, కాని ఒకదానికొకటి పొత్తు లేదు.

నా అభిప్రాయం ఇది. పంపు పెట్టండి. కాని దానికి సొంత ట్యాంకు, సొంత వడపోత, సొంత రిలీఫ్ వాల్వు ఉండాలి. లోపలి పాత పంపును కదపవద్దు. అది నాగలి పని చూసుకుంటుంది. రేపెవరైనా కొత్త పంపు విప్పేస్తే ట్రాక్టరు 1947లో ఎలా ఉందో అలాగే ఉండాలి. దీనికి ఖర్చు ఎక్కువే. ఆ ఖర్చు పెట్టలేనివారు లోడరు మానుకుని పార పట్టడమే మంచిదని నేనంటాను. ఇది కొందరికి కోపం తెప్పిస్తుందని తెలుసు. కాని చవక గొట్టంలో సూదిమొన అంత రంధ్రం పడితే అందులోంచి వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించే ఆ గాయానికి వెంటనే శస్త్రచికిత్స చేయకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యి పోతుంది. అందుకే కారుతున్న గొట్టాన్ని ఎప్పుడూ చేత్తో తడమకూడదు, అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి.

ఈ కథ మనకు మరీ దూరం కాదు. ఫెర్గూసన్ కంపెనీ 1953లో మాసీ-హారిస్‌తో కలిసింది, ఆ మాసీ ఫెర్గూసన్ సహకారంతోనే 1960లో మద్రాసులో టాఫే కంపెనీ మొదలైంది. మీ ఊళ్ళో మాసీ ట్రాక్టరు ఉంటే దాని డ్రైవరును అడగండి: క్లచ్ పూర్తిగా తొక్కి పట్టుకుంటే గొర్రు లేస్తుందా, సగం తొక్కితే లేస్తుందా? ఆయన చేసి చూపిస్తానంటే నాలుగు బారల దూరంలో నిలబడి చూడండి.