గాలివాటు గెలుపు అనకండి

ఎప్పుడూ మిర్చి రేటు గురించో, కాలవ నీళ్ల గురించో రాసేవాడివి, ఇవాళ చదరంగం ఏంటి అని అడక్కండి. నాలుగు రోజులుగా మా ఊరి టీ కొట్టు దగ్గర ఇదే గొడవ. రాసేస్తే గానీ నాకు మనసున పట్టేలా లేదు.

మా అన్న మనవరాలు ఆరో తరగతి. వాళ్ల నాన్న పొలంలో మందు కొట్టే పనిలో ఉంటే, పట్నంలో జరిగిన ఓపెన్ చెస్ పోటీకి నేను తీసుకెళ్లాను. ఓపెన్ అంటే ఫీజు కట్టినవాళ్లు ఎవరైనా ఆడొచ్చు. మూడు రోజులు, ఐదు ఆటలు. పిల్ల రేటింగ్ 1450. మొదటి ఆటలోనే 1850 ఉన్న ఒక పెద్దాయన తగిలాడు. దాదాపు మూడు గంటలు పట్టింది. నేను బయట వేపచెట్టు కింద కూర్చున్నా. పిల్ల వచ్చి "తాతా, గెలిచా" అంది. ఎంత నెమ్మదిగా చెప్పిందంటే, నేను ఇంకోసారి అడిగాను.

పక్కనున్న ఒక పిల్లాడి తండ్రి నవ్వి "ఏదో గాలివాటుగా తగిలిందిలెండి" అన్నాడు. ఊరికొస్తే మనవాళ్లదీ అదే మాట. ఆ తర్వాత మూడు ఆటలు ఓడింది, చివరిది డ్రా చేసింది. దాంతో మా అన్న కూడా "చూశావా, ఒక్కటేదో కలిసొచ్చింది, ఇక చాలు" అంటున్నాడు. నేను ఒప్పుకోను. ఎందుకో లెక్కతోనే చెప్తా.

ఈ రేటింగ్ లెక్క తయారుచేసినాయన ఆర్పాడ్ ఎలో. హంగరీలో రైతు కుటుంబంలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వెళ్లి ఫిజిక్స్ ప్రొఫెసర్ అయ్యాడు. ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే 1970లో ఆయన పద్ధతి తీసుకుంది. ఆ లెక్క ప్రకారం 400 తేడా ఉన్న ఇద్దరు వంద ఆటలాడితే తక్కువాయనకి 8 పాయింట్లు రావాలి. గెలిస్తే ఒకటి, డ్రా అయితే అర. సున్నా రావాలని ఆ లెక్కలో ఎక్కడా లేదు. పైగా ఇలాంటి పోటీల్లో మొదటి రౌండు జతలు ఎలా వేస్తారో తెలుసా? అందరినీ రేటింగ్ వరసలో పెట్టి సగానికి కోస్తారు. వంద మంది ఉంటే ఒకటో నంబరుకి 51, రెండో నంబరుకి 52. అంటే ప్రతి బల్ల మీదా ఒకరు పెద్ద, ఒకరు చిన్న. యాభై బల్లల్లో ఎక్కడో ఒక పెద్దవాడు పడక తప్పదు.

అదే కదా అదృష్టమంటే, అంటారు మీరు. ఆగండి. రేటింగ్ అనేది పోయిన పంటల దిగుబడి లెక్క లాంటిది. ఈ ఏడు చేలో ఏముందో దానికి తెలీదు. మా పిల్ల రోజూ రాత్రి ఫోన్లో చిక్కుముడులు విప్పుతూ కూర్చుంటుంది. ఆ కష్టం నంబరులోకి ఎక్కాలంటే రేటింగ్ పోటీకి వెళ్లాలి. ఏడాదికి రెండు పోటీలు దాటి మనం తీసుకెళ్లలేం. నెలనెలా ఆడే పట్నం పిల్లల నంబరు తాజాగా ఉంటుంది, మన పిల్లలది పాతది. 2022లో చెన్నై దగ్గర మామల్లపురంలో ఒలింపియాడ్ జరిగితే, రేటింగ్ వరసలో 14వ జట్టుగా వచ్చిన ఉజ్బెకిస్తాన్ కుర్రాళ్లు స్వర్ణం పట్టుకుపోయారు. పదకొండు రౌండ్ల పోటీలో అదంతా గాలివాటేనా?

ఇంకో సంగతి. 2023 అక్టోబరులో ఖతర్ మాస్టర్స్ ఓపెన్‌లో మాగ్నస్ కార్ల్‌సన్ ఆడాడు. అప్పుడాయన రేటింగ్ 2839, ప్రపంచంలో నంబర్ వన్. రెండో రౌండులో కజకిస్తాన్ కుర్రాడు అలిషేర్ సులేమెనోవ్ ఓడించాడు. అతనిది 2512. ఓడాక కార్ల్‌సన్ ఏమన్నాడంటే, కుర్రాడు అద్భుతంగా ఆడాడు, గెలుపు అతనికే దక్కాలి, నేనేం తప్పు పట్టడం లేదు, కానీ అతని చేతికి వాచీ చూసేసరికి నా ఏకాగ్రత పోయింది అని. ఆట ముగిశాక లోకమంతా వాచీ గురించే మాట్లాడింది, ఆ కుర్రాడి ఎత్తుల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. వాచీ వద్దనుకుంటే గుమ్మం దగ్గరే అందరివీ తీయించాలి. జీవితంలో ఒక్కసారి వచ్చే రోజు ఆ కుర్రాడిది, దాన్ని వాచీ ఎత్తుకుపోయింది. అదే పోటీ ఏడో రౌండులో మన తమిళనాడు కార్తికేయన్ మురళి, 2611 రేటింగుతో, నల్ల పావులతో కార్ల్‌సన్‌ని ఓడించాడు. మామూలు టైము ఆటల్లో ఆయన్ని ఓడించిన మూడో భారతీయుడు. అంతకుముందు ఆనంద్, మన గుంటూరు పెంటేల హరికృష్ణ.

పెద్దవాళ్లు ఓపెన్లకి ఎందుకు జంకుతారో కూడా ఈ లెక్కే చెప్తుంది. సులేమెనోవ్‌ని గెలిస్తే కార్ల్‌సన్‌కి వచ్చేది 1.3 పాయింటు. ఓడినందుకు పోయింది 8.7. ఆరేడు గెలుపుల సంపాదన ఒక్క పూటలో ఊడ్చుకుపోయినట్టే, మనకి కోత ముందు వడగళ్లు పడ్డట్టు. అందుకే పెద్దవాళ్లు ఎక్కువగా వాళ్లలో వాళ్లు పది మంది కూర్చునే పోటీలు ఆడుకుంటారు. అక్కడికి చిన్నవాడికి పిలుపు రాదు. ఎదురుగా కుర్చీయే లేకపోతే ఓడించేదెక్కడ? మన హనుమకొండ అర్జున్ ఎరిగైసి ఓపెన్లలోనే తిరిగి తిరిగి, 2022లో అబుదాబి మాస్టర్స్ గెలిచి, 2024 డిసెంబరు జాబితాలో 2800 దాటాడు. నాకు ఆ అబ్బాయంటే అందుకే గౌరవం.

ఇప్పుడు మా అన్న సంగతి. అన్నా, నువ్వు ఈ పేజీ చదువుతావని తెలుసు. పిల్ల మూడు ఆటలు ఎందుకు ఓడిందో చెప్తా విను. ఈ పోటీల్లో గెలిచినవాళ్లకి గెలిచినవాళ్లనే జత వేస్తారు. మొదటిది ఓడి ఉంటే రెండో ఆటకి తన ఈడు పిల్లలు దొరికేవాళ్లు. గెలిచింది కాబట్టి మళ్లీ 1800 వాళ్లే తగిలారు. చిన్నపిల్లలకి ఫిడే లెక్క నాలుగింతలు కదులుతుంది. మొదటి గెలుపుకి దాదాపు 37 వచ్చాయి, మూడు ఓటములకీ కలిపి పోయింది 13 చిల్లర. మిగులు 23 పైనే. మన మిర్చి కంటే నయం!

ఒక్క గెలుపుతో పిల్ల గ్రాండ్‌మాస్టర్ అయిపోయిందని నేనూ అనడం లేదు. ఖతర్‌లో కప్పు కూడా సులేమెనోవ్‌కి రాలేదు, కార్తికేయన్‌కీ రాలేదు, ఉజ్బెకిస్తాన్ యాకుబ్బోయెవ్ తీసుకెళ్లాడు. కానీ రచ్చబండ మీద పులి-మేక ఆడేటప్పుడు మేకలు పులిని కట్టేస్తే మనం ఆడినవాడిని మెచ్చుకుంటాం. పదకొండేళ్ల పిల్ల మూడు గంటలు కదలకుండా కూర్చుని, చివర్లో ఒక్క బంటు ఎక్కువతో రాజుని నడిపించుకుంటూ గెలిస్తే మాత్రం గాలి అంటామా? ఆ పెద్దాయన అనలేదు ఆ మాట. చెయ్యి కలిపి, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, తను ఎక్కడ తప్పాడో అరగంట అడిగి తెలుసుకున్నాడు. నేను చూశాను.

వచ్చే నెల ఇంకో పోటీ ఉంది. ఫీజు, బస్సు ఖర్చు నేను పెట్టుకుంటానని అన్నకి చెప్పాను. ఇంకా ఏమీ అనలేదు. పిల్ల మాత్రం నిన్న సాయంత్రం వచ్చి, ఓడిన మూడు ఆటలూ రాసుకున్న కాగితాలు మా అరుగు మీద పరిచి, "ఇక్కడ గుర్రం బదులు శకటు కదపాల్సింది తాతా" అని చూపించింది. నాకు సగం అర్థమైంది.