కథలో చిక్కు – చిక్కుకు కొస

తెలుగు చలనచిత్ర వ్యాపారంలో చాలాకాలంగా ఒక విభజన వాడుకలో ఉంది. నగరాలను ‘ఎ’ కేంద్రాలనీ, పట్టణాలను ‘బి’ కేంద్రాలనీ, పల్లెలకు చేరువగా ఉండే చిన్న ఊళ్ళను ‘సి’ కేంద్రాలనీ వ్యవహరిస్తారు. టిక్కెట్ల రాబడిని అంచనా వేయడానికి పనికివచ్చే ఈ విభజన క్రమంగా ప్రేక్షకుని బుద్ధిని తూచే తక్కెడగా మారింది. కథలో కాలం ముందువెనుకలైనా, ఒకే సంఘటన రెండు విధాలుగా కనిపించినా, అసలు విషయం చివరిదాకా దాగి ఉన్నా, “ఇది బి, సి కేంద్రాల వారికి అర్థం కాదు” అని తీర్పు చెప్పడం పరిపాటి అయింది. సిద్దిపేట జిల్లాలోని తొగుట వంటి మండల కేంద్రం ఆ లెక్కలో చివరి వరుసలోనే నిలుస్తుంది. ఆ తీర్పు ఎంతవరకు న్యాయమో విచారించవలసి ఉంది.

తొగుట చుట్టుపట్ల నేల కథలకు కొత్తది కాదు. 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా ఏర్పడినప్పుడు పాత మెదక్ జిల్లాకు చెందిన తొగుట, పాత వరంగల్ జిల్లాకు చెందిన చేర్యాల, కొమురవెల్లి ప్రాంతాలు ఒకే జిల్లాలోకి వచ్చాయి. కొమురవెల్లి మల్లన్న కథను ఒగ్గు కళాకారులు తరతరాలుగా గానం చేస్తున్నారు. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు ఒక క్షణం మల్లన్న అవుతాడు; మరుక్షణం మేడలమ్మ అవుతాడు; అంతలోనే మళ్ళీ కథకుడై జరిగినదానికి వ్యాఖ్యానం చెబుతాడు. గొంతు, నడక, భుజంమీది వస్త్రం మారితే చాలు, పాత్ర మారినట్లే. కథ నడుమ పిట్టకథ వస్తుంది. పిట్టకథ ముగిశాక అసలు కథ విడిచిన చోటనే మళ్ళీ అందుకొంటుంది. డోలు దెబ్బల మధ్య రాత్రి పొడవునా సాగే ఆ కథనాన్ని అక్షరం రాని శ్రోతలు కూడా దారి తప్పకుండా విన్నారు.

వారు దారి తప్పకపోవడానికి కారణముంది. ప్రధాన కథకుని పక్కన వంతగాడు ఉంటాడు. శ్రోతకు కలిగే సందేహాన్ని అతడే ముందుగా అడుగుతాడు. “ఆమె ఎవరు? అతడు అక్కడికి ఎందుకు పోయిండు?” అని ప్రశ్నిస్తాడు. జవాబు చెప్పే నెపంతో కథకుడు జారిపోతున్న కథాసూత్రాన్ని శ్రోత చేతికి మళ్ళీ అందిస్తాడు.

చేర్యాల నకాశీ పటాలలోనూ ఇదే నేర్పు కనిపిస్తుంది. ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి కలిపిన పూత పెట్టి, ఎర్రని నేపథ్యంపై కులపురాణాలను వరుసలుగా చిత్రిస్తారు. ఒక వరుసకూ మరొక వరుసకూ మధ్య పూలతీగల అంచు ఉంటుంది. ఒక ఘట్టం ఎక్కడ ముగిసిందో, మరొకటి ఎక్కడ మొదలైందో ఆ అంచు చెబుతుంది. పాత్రలు ఎన్ని ఉన్నా, తరాలు ఎన్ని గడిచినా, పటంపై కథకుని కర్ర ఆనిన చోటికి చూపరుల దృష్టి చేరుతుంది.

లిఖిత సాహిత్యంలోనూ తెలుగువారు చిక్కుకథకు వెరవలేదు. 16వ శతాబ్దికి చెందిన పింగళి సూరన ఒకే కావ్యంలో రామకథ, భారతకథ రెండూ పలికేటట్లు ‘రాఘవపాండవీయము’ రచించాడు. ఆయన ‘కళాపూర్ణోదయము’ ఎనిమిది ఆశ్వాసాల ప్రబంధం. అందులో బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ పిమ్మట లోకంలో నిజంగా జరుగుతుంది. పసిబిడ్డ అయిన మధురలాలస నోటివెంట పూర్వజన్మ వృత్తాంతం వెలువడుతుంది. మొదట విడివిడిగా కనిపించిన సంఘటనలు క్రమంగా ఒకదానితో ఒకటి ముడిపడతాయి. సూరన ముడి వేయడమే కాదు, దానిని విప్పే బాధ్యతను కూడా స్వీకరించాడు. ఆ కావ్యం నాలుగు వందల సంవత్సరాలకు పైగా నిలవడానికి ఆ బాధ్యత కూడా ఒక కారణం.

ఈ వెలుగులో తెలుగు చలనచిత్రాలను పరిశీలిస్తే ప్రేక్షకునిపై మోపిన నింద ఎంత తొందరపాటుదో తెలుస్తుంది. 1991లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో వచ్చిన ‘ఆదిత్య 369’ వర్తమానం నుండి 1526 నాటి విజయనగరానికీ, అక్కడినుండి 2504వ సంవత్సరానికీ ప్రేక్షకుణ్ణి తీసుకొనిపోయింది. కాలయంత్రం అనే ఊహ తెలుగు తెరకు కొత్త. అయినా ప్రతి యుగానికి తగిన వేషం, భాష, పరిసరాలు ఉండడంతో ఎక్కడ ఉన్నామో తెలియని స్థితి ప్రేక్షకునికి కలుగలేదు. చిత్రం విశేషాదరణ పొందింది.

2014వ సంవత్సరం మరింత స్పష్టమైన పాఠం చెప్పింది. ఆ ఏడాది జనవరిలో సుకుమార్ దర్శకత్వం వహించిన ‘1 నేనొక్కడినే’ విడుదలైంది. అందులో కథానాయకునికి కనిపించేదంతా నిజం కాదు. అతని మనస్సు కల్పించిన దృశ్యాలను ప్రేక్షకుడు కూడా నిజమని నమ్ముతాడు. తొలి రోజుల్లో అయోమయంగా ఉన్నదన్న విమర్శ వచ్చింది; విడుదలైన తరువాత చిత్రం నిడివిని తగ్గించారు. అదే ఏడాది మే నెలలో విక్రమ్ కుమార్ దర్శకత్వంలో ‘మనం’ వచ్చింది. అందులో తల్లిదండ్రులు మరుజన్మ ఎత్తి, తమ బిడ్డకంటె చిన్నవారై ఎదురవుతారు. ఒకే నటుడు ఒక చోట తండ్రి, మరొక చోట కుమారుడు. బంధుత్వాలను కాగితంపై గీయబోతే చేయి తడబడుతుంది. అయినా ప్రేక్షకులు ఆ చిత్రాన్ని ఆప్యాయంగా ఆదరించారు.

రెండింటిలోనూ చిక్కు ఉంది. తేడా ఎక్కడ? పునర్జన్మ అనే తాళంచెవి తెలుగు ప్రేక్షకుని చేతిలో ముందే ఉంది. తన కంటినే తాను నమ్మరాదన్న నియమం అతనికి కొత్త. కొత్త నియమాన్ని నేర్పడానికి దర్శకునికి సమయం కావాలి. నేర్చుకోవడానికి ప్రేక్షకునికి ఓపిక కావాలి. ‘1 నేనొక్కడినే’ చిత్రాన్ని మెచ్చుకొనేవారు తరువాతి సంవత్సరాలలో పెరగడమే ఇందుకు నిదర్శనం. కాబట్టి ప్రేక్షకునికి తొలిసారి లోపించినది తెలివి కాదు, పరిచయం.

అయితే చిక్కుగా ఉన్న ప్రతి కథా గొప్పదని భావించరాదు. సంక్లిష్టత వేరు, అస్పష్టత వేరు. చెప్పవలసిన విషయం లేక సన్నివేశాలను తారుమారు చేసి, అర్థం కాలేదన్నవారిని అజ్ఞానులుగా చూసే ధోరణి కూడా ఉంది. రోజంతా పొలంలోనో దుకాణంలోనో పనిచేసి, టిక్కెట్టు కొని కూర్చున్న మనిషి కాలానికి విలువ ఉంది. క్రిస్టఫర్ నోలన్ 2000లో తీసిన ‘మెమెంటో’లో కథ వెనుకనుండి ముందుకు నడుస్తుంది. కాని రంగుల దృశ్యాలు వెనుకకూ, నలుపు తెలుపు దృశ్యాలు ముందుకూ సాగుతాయన్న నియమాన్ని దర్శకుడు చివరిదాకా పాటించాడు. చేర్యాల పటంలో పూలతీగ చేసే పనిని అక్కడ రంగు చేసింది. చిక్కు ఎంత పెద్దదైనా ఫరవాలేదు. దానికి కొస ఉండాలి.

కథలు తిన్నగా ఉంటే సరిపోదా, ఈ శ్రమ ఎందుకు అన్న ప్రశ్న సహజం. దానికి సమాధానం తొగుట మండలంలోనే ఉంది. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో భాగంగా 50 టి.ఎం.సి.ల సామర్థ్యంతో నిర్మించిన మల్లన్నసాగర్ జలాశయాన్ని 2022 ఫిబ్రవరి 23న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు ప్రారంభించారు. దానికోసం తొగుట మండలంలోని వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. అక్కడి కుటుంబాలు గజ్వేల్ సమీపంలోని పునరావాస కాలనీకి తరలిపోయాయి. నీటికై ఎదురుచూసిన దూరపు రైతుకు ఇది ఆశ కథ. ఇల్లు, చెట్టు, పుట్టిన వాకిలి విడిచిన కుటుంబానికి ఇది ఎడబాటు కథ. నిర్మించిన ఇంజనీరుకు సాధించిన కథ. కొత్త కాలనీలో పెరిగే బిడ్డకు పెద్దల నోట వినే కథ మాత్రమే. ఇందులో ఏ ఒక్కదానిని తిన్నగా చెప్పినా మిగిలినవి మూగబోతాయి.

జపాను దర్శకుడు అకిరా కురొసావా 1950లో నిర్మించిన ‘రషోమాన్’ సరిగా ఈ చిక్కునే తెరకెక్కించింది. అడవిలో జరిగిన ఒక మరణాన్ని నలుగురు నాలుగు విధాలుగా చెబుతారు. ఏది నిజమో చిత్రం తేల్చి చెప్పదు. తీర్పు చెప్పే ముందు నలుగురి మాటా వినవలసిన అవసరాన్ని చెబుతుంది. 1951లో వెనిస్ చలనచిత్రోత్సవంలో ఆ చిత్రానికి అత్యున్నత పురస్కారమైన స్వర్ణసింహం లభించింది. జీవితమే బహుముఖంగా ఉన్నప్పుడు, దానిని చూపే కథ కొంత చిక్కుపడక తప్పదు. తిన్నని కథలకే అలవాటుపడిన మనస్సు నిజజీవితంలోనూ ఒక పక్క మాట విని తీర్పు చెప్పే ప్రమాదం ఉంది.

నేడు తొగుటలోని విద్యార్థి చేతి ఫోనులోనే ప్రపంచ చిత్రాలన్నీ ఉన్నాయి. అర్థం కాని దృశ్యాన్ని వెనుకకు జరిపి మళ్ళీ చూసే వీలు ఉంది. అర్థం కాని మొదటి నిమిషంలోనే మరొక చిత్రానికి వేలు జరిపే వీలూ ఉంది. వంతగాని వలె “అతడెవరు? ఎందుకు పోయిండు?” అని తనలో తాను ప్రశ్నించుకొనే ప్రేక్షకునికి కథ లొంగుతుంది. అట్టి ప్రేక్షకునికి కొసను అందించడం దర్శకుని ధర్మం. రాత్రంతా మేలుకొని ఒగ్గుకథ విన్న తాతల మనుమలకు చిక్కుకథ అర్థం కాదనడం మాత్రం ఏ లెక్కలోనూ న్యాయం కాదు.