గంపకు గౌరవం

"పాత విద్యార్థి కదా, మన సంచికకు ఏదైనా వ్రాయండి సార్. విదేశయాత్ర అయితే మరీ బాగు" అని విద్యార్థి సంఘం కార్యదర్శి అడిగాడు. యాత్ర అంటే కోటలు, చర్చిలు, చిత్రశాలలు వర్ణించాలి కాబోలు. అవన్నీ చూశాను గాని, నా మనసులో మిగిలింది ఒక పూట భోజనం. దాన్ని గూర్చే వ్రాస్తున్నాను. నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు.

స్పెయిన్ దేశపు దక్షిణ తీరాన, మధ్యధరా సముద్రపు ఒడ్డున, మలాగా అనే ఊరుంది. తొలి అక్షరానికి దీర్ఘమిస్తే 'మాలాగా' అవుతుంది. అలా ఎందుకనిపించిందో ముందు ముందు మీకే తెలుస్తుంది. ఒక సదస్సుకని వెళ్ళాను. పని ముగిశాక అక్కడి ఆచార్యుడొకాయన నన్ను ఊరికి తూర్పున ఉన్న ఎల్ పాలో అనే పేటకు భోజనానికి తీసుకువెళ్ళాడు. ఒకప్పుడది జాలరిపేట. ఇప్పుడు ఒడ్డు వెంబడి వరసగా చేపల భోజనశాలలున్నాయి. వాటిని చిరింగీతోలంటారు. మేము వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండున్నర. మనకది భోజనాలై కునుకు తీసే సమయం. వాళ్ళకు అప్పుడే విస్తరి వేసే వేళ.

ఇసుకలో ఒక పడవ కనిపించింది. అది నీళ్ళమీద పోయే పడవ కాదు, పొయ్యి! పడవనిండా ఇసుక పోసి, దానిమీద ఆలివ్ కట్టెలు మండిస్తున్నారు. చదునుగా చెక్కిన రెల్లు పుల్లకు అయిదారు కవళ్ళు గుచ్చి, నిప్పుల పక్కన ఇసుకలో నిలబెడుతున్నాడొక మనిషి. పుల్ల వెన్నుముల్లుకు సరిగ్గా కిందనుంచి పోవాలట, లేకపోతే కాలేటప్పుడు చేప జారి పడిపోతుందట. మసాలా లేదు, నూనె లేదు, పైన రాళ్ళ ఉప్పు ఒక్కటే. గాలి ఎటు వీస్తోందో చూసుకుంటూ పుల్లల్ని జరుపుతాడు. ఈ వంటను ఎస్పెతో అంటారు, వండేవాడు ఎస్పెతేరో. కవళ్ళు కొవ్వుపట్టి రుచిగా ఉండేది మే నుంచి ఆగస్టు దాకా అని వాళ్ళ లెక్క. ఆ ఎండలో, ఆ మంట పక్కన నిలబడటం ఎంత కష్టమో చూస్తేగాని తెలియదు.

పళ్ళెం రాగానే నేను నలుగురిలో మర్యాదగా ఉండాలని ఫోర్కు, కత్తి అందుకున్నాను. ఆచార్యుడు వారించి ఒక కథ చెప్పాడు. 1884 డిసెంబరులో ఆ ప్రాంతాన్ని పెద్ద భూకంపం కుదిపేసింది. మరుసటి నెల బాధితులను చూడటానికి రాజు పన్నెండవ అల్ఫోన్సో వచ్చాడు. ఎల్ పాలోలో ఆయనకు కాల్చిన కవళ్ళు పెడితే ఫోర్కు పట్టుకున్నాడట. వండిన మనిషి, అలా కాదు ప్రభూ, వేళ్ళతో తినాలి అని నేర్పాడట. అక్షరాలా జరిగిందో లేదో గాని, ఊరంతా గర్వంగా చెప్పుకునే కథ అది. చేపలు కాల్చేవాడు రాజుకు తిండి తినడం నేర్పిన కథ! నేను ఫోర్కు పక్కన పెట్టేశాను. మాకు వేళ్ళతో తినడం ఎవరూ నేర్పనక్కరలేదు కదా.

ఆ ఊరివాళ్ళ ముద్దుపేరు ఏమిటో తెలుసా? బొకెరోనెస్, అంటే నెత్తళ్ళు. మనవూళ్ళో ఎవరినైనా 'నెత్తళ్ళోడా' అని పిలిచి చూడండి, తగువవుతుంది. వాళ్ళు మాత్రం నవ్వుతూ పలుకుతారు. ఓడరేవు దగ్గరి కూడలిలో ఒక విగ్రహముంది. రాజుది కాదు, సేనానిది కాదు. రెండు చేతులకూ చేపల బుట్టలు వేలాడదీసుకుని వీధి వీధి తిరిగి అమ్మిన సెనాచేరోది. 1968లో నెలకొల్పారు. ఆ విగ్రహం ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను.

మా అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని భీమిలి దగ్గర మా పల్లెనుంచి పట్నానికి వచ్చేది. నేను కాలేజీలో చదివే రోజుల్లో ఒకసారి, అమ్మకం అయ్యాక ఖాళీ గంప చంకన పెట్టుకుని, కొంగున ముడివేసిన పరీక్ష ఫీజు డబ్బుతో వచ్చింది. కిటికీలోని గుమాస్తా ఆ నోట్లను రెండువేళ్ళ కొసలతో పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకున్నాడు. నా వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ సాయంత్రం అమ్మతో "ఇకమీదట నువ్వు రాకమ్మా, మనియార్డరు చెయ్యి" అన్నాను. ఎందుకని ఆవిడ అడగలేదు. మళ్ళీ రాలేదు కూడా.

గుమాస్తాను ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను. మలాగాలో కవళ్ళు తింటున్నప్పుడు తెలిసింది, మొహం తిప్పుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణని. ఆ భోజనశాలలో పక్కబల్లల దగ్గర ఖరీదైన బట్టలు వేసుకున్న కుటుంబాలున్నాయి. అందరి వేళ్ళకూ అదే నూనె, అదే వాసన. ముక్కు మూసుకున్నవాడు ఒక్కడూ లేడు.

అలాగని స్పెయిన్ స్వర్గమని అనబోవడంలేదు. బుట్టల మనుషులు వీధుల్లో కనుమరుగయ్యారు. విగ్రహంగానే మిగిలారు. మనిషి పోయాక కంచు పోయడం ఏ దేశంలోనైనా తేలికే. మన గంపలు ఇంకా వీధుల్లో తిరుగుతూనే ఉన్నాయి. చేపల వేపుడుకు లొట్టలు వేసేవాళ్ళే, ఆ గంప బస్సెక్కబోతే "దిగు దిగు" అనడం నేను కళ్ళారా చూశాను. రుచి కావాలి, వాసన వద్దు. చేప కావాలి, మనిషి వద్దు. దీన్ని శుభ్రత అంటే నేనొప్పుకోను. శుభ్రతే కావలసివస్తే గంపకు మూత, మార్కెట్లో నీళ్ళ కుళాయి, కూర్చునేందుకు నీడ ఇవ్వాలి. అడ్డమైన మాటలు కాదు.

విద్యార్థి మిత్రులకు నేను చెప్పదలచింది ఇంతే. మన కూడలిలో విగ్రహం పెట్టమని అడగను. బస్సులో గంప పక్కన సీటు ఖాళీగా ఉంటే కూర్చోండి. మెస్సులో చేపలకూర పెట్టిన రోజు, అది ఎవరి చేతులమీదుగా వచ్చిందో ఒక్కసారి తలచుకోండి. మీలో ఎవరి అమ్మయినా గంపతో గేటు దగ్గర నిలబడితే, నలుగురూ చూస్తుండగా లోపలికి తీసుకురండి.

నేను తీసుకురాలేదు.