తొట్టిలో చేపలు, నెత్తిన చాకిరీ

"ఇంటిపట్టున ఉంటూనే సంపాదించుకోండి" అనే మాట వింటే చాలు, నాకు ముందు అనుమానం వస్తుంది. అప్పడాలు, వడియాలు, చీరలకి ఫాల్స్ కుట్టడం, పుట్టగొడుగులు... అన్నీ ఆ మాట పట్టుకునే మన గుమ్మాల్లోకి వచ్చాయి. ఇప్పుడు వాటి సరసన చేపలు కూడా చేరాయి. మేడ మీద ఒక తొట్టి, దాని పైన కంకర పోసిన ఇంకో తొట్టి, మధ్యలో చిన్న మోటారు. కింద తిలాపియా చేపలు, పైన పాలకూర, పుదీనా. మందు కొట్టని ఆకుకూర, కళ్ళముందు ఈదే చేప, మిగిలితే అమ్ముకోవచ్చు! దీనికి ఆక్వాపోనిక్స్ అని పెద్ద పేరు. ఈమధ్య మా ఊళ్ళో కూడా రెండు రోజుల శిక్షణ ఇచ్చి, సామానంతా అమ్ముతున్నారు. "ఆడా మగా కలిపి ఇస్తాం, పిల్లల్ని మీ ఇంట్లోనే పెట్టించుకోండి, ఇక సీడు కొనే పనే లేదు" అన్నది అందులో ముఖ్యమైన ఆకర్షణ. నా గొడవంతా ఆ చివరి మాటతోనే.

అలాగని ఇదంతా బూటకమని అనను. పద్ధతి నిజంగా బావుంటుంది. చేప తిన్న మేతలో కొంత అమ్మోనియాగా నీళ్ళలోకి వస్తుంది. అది పెరిగితే చేపకే విషం. ఆ నీటిని మోటారుతో కంకర తొట్టిలోకి పంపితే, రాళ్ళకి పట్టుకున్న సూక్ష్మజీవులు అమ్మోనియాని ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ మొక్కకి ఎరువు. మొక్క దాన్ని తాగేశాక నీళ్ళు మళ్ళీ చేపల దగ్గరికి దిగుతాయి. పాత్రలు కడిగిన నీళ్ళు అరటిపాదులోకి మళ్ళించిన మన అమ్మమ్మలకి ఇందులో సగం సంగతి చెప్పకుండానే అర్థమవుతుంది. నీటి కరువున్న ఊళ్ళలో ఇది చిన్న విషయమేమీ కాదు. ఆవిరైపోయినంతా, మొక్క తాగినంతా పోసుకుంటే చాలు.

అమెరికా వాళ్ళు 1970లలోనే దీని మీద పడ్డారు. మసాచుసెట్స్‌లో న్యూ ఆల్కెమీ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఇంటివాడకానికి తిలాపియాని తొట్లలో పెంచి చూసింది. తర్వాత వర్జిన్ దీవుల విశ్వవిద్యాలయంలో జేమ్స్ రాకోసీ అనే ఆయన ఏళ్ళ తరబడి తిలాపియానీ ఆకుకూరల్నీ కలిపి పెంచి లెక్కలు కట్టాడు. ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఆహార వ్యవసాయ సంస్థ 2014లో చిన్న ఆక్వాపోనిక్స్ మీద ఒక పెద్ద పుస్తకమే వేసింది. శిక్షణ తరగతుల్లో చెప్పని లెక్కలు అందులో ఉన్నాయి.

ఉదాహరణకి, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు 1000 లీటర్ల నీటికి 20 కిలోలకి మించి చేపల్ని ఉంచొద్దంటుంది ఆ పుస్తకం. అంటే అరకిలో చేపలు 40. వేలెడు పిల్ల అరకిలో అవడానికి ఆరు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది. వారానికి కిలో చేప వండుకునే ఇంట్లో ఆ 20 కిలోలు ఐదు నెలల కూర. దానికి పెట్టే మేత కిలోకి కిలోన్నర పైచిలుకు. అంటే 30 కిలోల మేతబస్తా, మోటారు కరెంటు, ఇన్వర్టరు. ఇవి పోగా ఎంత మిగులుతుందో కూరగాయల లెక్క రాసుకునే మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అమ్ముకుని ఇల్లు నడపడం మాట దేవుడెరుగు. ఆకుకూరల సంగతి నయం. రోజుకి 200 గ్రాముల మేత వేస్తే నాలుగు చదరపు మీటర్ల ఆకుకూర పండుతుంది. ఇంటికి సరిపోను, పక్కింటికి ఇవ్వను. టమాటా, వంకాయ కావాలంటే మాత్రం ఇనుము, పొటాషియం విడిగా వెయ్యాలి. చేపమేతలో అవి చాలవు.

ఇంకో మాట. 1000 లీటర్ల నీళ్ళంటే ఒక టన్ను బరువు. కంకర తొట్టి ఇంకో అర టన్ను. పాత స్లాబుల మీద ఎక్కించేముందు ఇంజనీరుకి చూపించాలి. అద్దె ఇళ్ళలో అయితే అసలు ఆ ప్రశ్నే రాదు. చేపల పులుసు వాసన వస్తేనే ఇల్లు ఖాళీ చెయ్యమనే ఊళ్ళు మనవి.

ఇక చాకిరీ. పొద్దునా సాయంత్రం మేత వెయ్యాలి, ఎంత తింటున్నాయో నుంచుని చూడాలి, తినగా మిగిలింది తియ్యాలి. మునిసిపాలిటీ నీళ్ళు పట్టి, క్లోరిన్ పోయేదాకా ఒకటి రెండు రోజులు నిలవుంచి పొయ్యాలి. కంకర తొట్టిలో సూక్ష్మజీవులు కుదురుకోవడానికే నాలుగైదు వారాలు పడుతుంది. ఈలోగా తొందరపడి చేపలు నింపితే అమ్మోనియా పెరిగి చచ్చిపోతాయి. వారానికోసారి నీటి పరీక్ష. ఎండాకాలం తొట్టికి నీడ, ఎందుకంటే వేడెక్కిన నీళ్ళలో గాలి తగ్గిపోతుంది. చలికాలం ఆదిలాబాదు లాంటి చోట నీళ్ళు బాగా చల్లబడితే తిలాపియా మేత మానేస్తుంది, ఇంకా చల్లబడితే బతకదు. అన్నిటికంటే ముఖ్యం మోటారు. కిక్కిరిసిన తొట్టిలో గాలి ఆగితే కొన్ని గంటలే.

మా ఎదురింటి అమ్మాయి ఇలాగే దిగింది. దిగింది అనకూడదు, దింపారు. సెట్టు కొన్నది వాళ్ళాయన. స్నేహితుల్ని మేడ మీదికి తీసుకెళ్ళి చూపించేదీ ఆయనే. మేత, నీళ్ళు, పాచి ఈ అమ్మాయివి. చెల్లెలి పెళ్ళికని మూడు రోజులు పుట్టింటికి వెళ్ళింది. రెండోరోజు రాత్రి కరెంటు పోయి, వచ్చింది. మోటారు మాత్రం మళ్ళీ తిరగలేదు. ఎవరూ మేడెక్కి చూడలేదు. తెల్లారేసరికి చేపలన్నీ వెల్లకిలా తేలాయి. "పెళ్ళికి మూడు రోజులు ఉండాలా?" అన్నాడట ఆయన. "చేపలు పోతే పోయాయి అక్కా, పనమ్మాయికి కూడా నెలకి రెండు రోజులు సెలవిస్తాం కదా, నాకది కూడా లేకుండా చేసుకున్నాను" అంది నాతో. నాకేం చెప్పాలో తోచలేదు. మనం దీన్ని ఉపాధి అని పిలవాలంటే, చేపల డబ్బు ఎవరి చేతికి వస్తుందో, ఆవిడ ఊరెళ్ళినప్పుడు మోటారు ఎవరు చూస్తారో ముందు తేలాలి. ఈ రెండూ తేలకపోతే అది అంట్లు, బట్టలతో పాటు ఇంకో పని, అంతే.

ఆడవాళ్ళకి ఇది అక్కరకొచ్చిన చోటు లేకపోలేదు. గాజాలో భూమి లేక, నీళ్ళు లేక, దిగ్బంధంలో ఉన్న రోజుల్లో, ఆడవాళ్ళే ఇంటి పెద్దలైన పేద కుటుంబాలకి ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ మేడల మీద ఈ తొట్లు పెట్టించింది. కరెంటు అక్కడా సరిగా ఉండేది కాదు. అయినా పిల్లలకి చేప, కూర వండిపెట్టుకున్నారు. ఎప్పుడు చేప తియ్యాలి, ఏ మొక్క వెయ్యాలి అన్నది ఆ ఇల్లాళ్ళే తేల్చుకునేవారు. 2023 అక్టోబరులో మొదలైన యుద్ధంలో గాజాలో చాలాభాగం మేడలు దెబ్బతిన్నాయి, కూలాయి. తొట్ల గురించి చదివినప్పుడల్లా నాకు ఆ మేడలే గుర్తుకొస్తాయి.

ఇప్పుడు పిల్లల్ని పెట్టించే సంగతికి వస్తాను. తిలాపియా మనకి తెలియని చేపేం కాదు. కొన్నిచోట్ల జిలేబీ చేప అంటారు. 1952లో శ్రీలంక నుంచి మొజాంబిక్ రకాన్ని మన దేశానికి తెచ్చారు. చవగ్గా చేప దొరుకుతుందనుకున్నారు. ఏమైంది? మూడు నెలల వయసుకే గుడ్లు పెట్టడం మొదలెట్టి, చెరువు నిండా పిల్లలై, ఉన్న తిండి అందరికీ చాలక, అన్నీ అరచేతి కంటే చిన్నగానే ఉండిపోయాయి. మన చేపల గూళ్ళని, మేతని ఆక్రమించాయి. 1959కల్లా మత్స్య పరిశోధన సంఘం దాని పెంపకాన్ని వ్యాప్తి చెయ్యకూడదని నిషేధించింది. అప్పటికే అది చెరువుల్లో, రిజర్వాయర్లలో పడిపోయింది. నీళ్ళలో వదిలినదాన్ని కాగితం మీద నిషేధిస్తే అది వెనక్కి వస్తుందా?

ఇప్పుడు పెంచుతున్నది వేరే రకం. నైలు తిలాపియా మీద 1988 నుంచి ఫిలిప్పీన్స్‌లో పరిశోధన చేసి, త్వరగా పెరిగే గిఫ్ట్ అనే జాతిని తీశారు. మన విజయవాడ దగ్గర మానికొండలో రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం వాళ్ళు ఆ సీడు కోసం ఒక కేంద్రం పెట్టారు. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం తిలాపియా పెంచాలంటే మత్స్యశాఖ దగ్గర నమోదు చేసుకోవాలి. అన్నీ మగవో, లేకపోతే పిల్లలు పెట్టలేనివో అయిన సీడే వాడాలి. నీళ్ళు బయటికి పోయేచోట చేపపిల్ల జారిపోకుండా వల కట్టాలి. ఇంత కట్టడి ఉన్న చేపని "ఆడా మగా కలిపి ఇస్తాం, ఇంట్లో పిల్లల్ని పెట్టించుకోండి" అని అమ్మడం ఏ లెక్కలోకి వస్తుందో అమ్మేవాళ్ళే చెప్పాలి.

మగవే ఎందుకు అని అడిగితే వచ్చే జవాబు నన్ను కొంచెం సేపు కదలనివ్వలేదు. తిలాపియాలో మగది తొట్టి అడుగున గుంట చేస్తుంది. ఆడది అందులో గుడ్లు పెట్టి, వెంటనే వాటిని నోట్లోకి తీసుకుంటుంది. మగదాని పని అక్కడితో సరి, ఇంకో ఆడదాని కోసం చూసుకుంటుంది. తల్లి ఆ గుడ్లని నోట్లోనే పొదుగుతుంది. పిల్లలై, సొనసంచి కరిగి, సొంతంగా ఈదేదాకా పది, పన్నెండు రోజులు దాదాపు ఏమీ తినదు. తర్వాత కూడా కొన్నాళ్ళు భయమేస్తే పిల్లలన్నీ మళ్ళీ తల్లి నోట్లోకే దూరతాయి. వెచ్చటి నీళ్ళలో నాలుగైదు వారాలకే మళ్ళీ గుడ్లు. అందుకే ఆడది పెరగదు. తిన్నదంతా గుడ్లకి పోతుంది, మిగతా రోజులు పస్తు. మగది తిన్నది ఒంటికి పట్టించుకుంటుంది. వ్యాపారానికి మగదే లాభం. చేపని చేపగానే చూడాలి, మనుషుల గొడవలు దానికి అంటగట్టకూడదని నాకూ తెలుసు. అయినా ఆడపిల్ల అనగానే మొహాలు మాడ్చుకునే ఇళ్ళున్న సమాజంలో "అన్నీ మగపిల్లలే, గ్యారంటీ" అన్న బోర్డు చదివితే చివుక్కుమంటుంది.

అన్నీ మగవి ఎలా అవుతాయంటారా? మేత తినడం మొదలెట్టిన చిట్టిపిల్లలకి మూడు నాలుగు వారాల పాటు మిథైల్ టెస్టోస్టిరాన్ అనే హార్మోను కలిపిన మేత పెడతారు. ఆడవి కావలసినవి కూడా మగవిగా పెరుగుతాయి. చేప కూరకొచ్చే నాటికి ఆ మందు ఆనవాళ్ళు మిగలవంటారు శాస్త్రజ్ఞులు. నెలల తేడా ఉంది కనక తినేవాళ్ళు బెంగపడక్కర్లేదు. నా భయం తినేవాళ్ళ గురించి కాదు, కలిపేవాళ్ళ గురించి. ఆ మందుని స్పిరిట్లో కరిగించి మేతకి పట్టించాలి. అది మగ హార్మోను. గర్భిణి ఒంట్లోకి వెళితే కడుపులో ఆడశిశువు ఎదుగుదలకే ముప్పు. చేతితొడుగులు, మాస్కు, గాలి ఆడే గది ఉన్న హేచరీలో చెయ్యాల్సిన పని అది. పప్పు రుబ్బే మిక్సీ ఉన్న వంటింట్లో "ఇది కూడా సులువే" అని ఎవరైనా నేర్పబోతే వాళ్ళని గుమ్మంలోంచే పంపించెయ్యండి.

మందు జోలికి పోకుండా ఆడా మగా కలిపి వదిలేస్తే ఏమవుతుంది? 40 చేపల తొట్టిలో ఆరు నెలలు తిరిగేసరికి వందల పిల్లలు. గాలి చాలదు, మేత చాలదు, ఏదీ పళ్ళెంలోకి వచ్చేంత పెరగదు. పిల్లల్ని ఏం చేస్తారు? చంపడానికి చేతులు రావు. బకెట్టుతో ముంచి మురిక్కాలవలో పోసేస్తారు. కాలవ చెరువులో కలుస్తుంది. కొరమేను, జెల్ల, పరిగెలు ఇప్పటికే తగ్గిపోయిన ఆ చెరువులో 1952 కథ మళ్ళీ మొదలు. కొరమేనుని తెలంగాణ తన రాష్ట్ర చేపగా పెట్టుకుంది. పేరు పెట్టుకుంటే సరిపోదు, దాని చెరువు దానికి ఉంచాలి. వలేసుకుని బతికే వాళ్ళ ఇళ్ళలో కూడా ఆడవాళ్ళే కదా ఆ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగేది. మన మేడ మీది సరదా వాళ్ళ బుట్టలోంచి తీసుకున్నది కాకూడదు.

కాబట్టి పెంచుకోవాలని ఉంటే పెంచుకోండి. నమోదైన హేచరీ నుంచి మగపిల్లల సీడు తెచ్చుకుని, మత్స్యశాఖ వాళ్ళని కలిసి, తూముకి సన్నటి వల కట్టి, మోటారుకి ఇన్వర్టరు పెట్టించుకుని. అయిపోయాక మళ్ళీ కొనుక్కోండి. సీడు ఖర్చు మొత్తం ఖర్చులో చిన్నదే, మేతదే పెద్దది. ఆ చిన్న ఖర్చు మిగుల్చుకోవడానికి ఇంట్లో హేచరీ పెట్టడం ఎందుకు?

ఎంత మంచి సీడయినా వందకి వంద మగవే ఉండవు, ఒకటీ అరా ఆడవి వస్తాయి. దవడ కింద ఉబ్బెత్తుగా ఉండి, మేత చల్లినా రాకుండా ఓ మూల నిలబడితే నోట్లో గుడ్లున్నట్టే. మా ఎదురింటి అమ్మాయి రెండోసారి వేసిన తొట్టిలో అలాంటిది ఒకటి కనిపించింది. "ఉండనీ, ఊరికే పిల్లలొస్తాయిగా" అన్నాడట వాళ్ళాయన. "వస్తాయి. మీరు పెంచుతారా?" అందిట. ఆయన మాట్లాడలేదు. ఆ రాత్రి ఆ చేప పులుసులోకి వెళ్ళింది.