పెద్దవారి కాళ్ళకు చీగాంగ్



గత నెల ఒక ఇంటికి ప్రార్థనకు వెళ్ళినప్పుడు ఆ ఇంటి తల్లి టీ గ్లాసు చేతికిస్తూ ఒక ప్రశ్న అడిగింది. ఆమె కుమారుడు సింగపూరులో బిల్డింగుల పనిలో ఉన్నాడు. తెల్లవారి పనికి పోయేటప్పుడు, ఫ్లాట్ల దగ్గర ఖాళీ స్థలంలో అక్కడి చైనా ముసలివాళ్ళు వరుసగా నిలబడి చేతులు మెల్లగా ఎత్తడం, దించడం చూసి, ఫోనులో వీడియో తీసి తల్లికి పంపాడట. నువ్వూ చెయ్యమ్మా, మోకాళ్ళకు మంచిదంట అన్నాడట. ఆమె సందేహం వేరు. "అయ్యగారూ, ఇది వాళ్ళ పూజ కాదు గదా? మనం చేయొచ్చా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తెలియని దానిని తప్పు అనడం తేలిక, మంచిదే అనడం ఇంకా తేలిక. "చదివి చెబుతానమ్మా" అని వచ్చేశాను.

దాని పేరు చీగాంగ్. 'చీ' అంటే ఊపిరి, గాలి. 'గాంగ్' అంటే ఓపికగా చేసే సాధన. ఈ పేరు బాగా వాడుకలోకి వచ్చింది 1950లలోనే గాని, ఈ తరహా వ్యాయామం చాలా పాతది. 1973లో చైనాలోని చాంగ్షా నగరం దగ్గర మావాంగ్‌దుయ్ అనేచోట ఒక సమాధిని తవ్వితే పట్టుగుడ్డ మీద గీసిన బొమ్మలు బయటపడ్డాయి. ఆ సమాధిని మూసింది క్రీ.పూ. 168లో. ఆ గుడ్డ మీద 44 మంది స్త్రీ పురుషులు వంగుతూ, చేతులు చాస్తూ కనిపిస్తారు.

ఇప్పుడు పెద్దవాళ్ళు ఎక్కువగా చేసే వరుసలలో ఒకటి 'బాదువాన్‌జిన్'. అందులో ఉన్నవి ఎనిమిది కదలికలే. మొదటిది రెండు చేతులూ పైకెత్తి ఒళ్ళంతా సాగదీయడం. రెండవది విల్లు లాగుతున్నట్టు ఒక చేయి చాచి, రెండవ చేతిని వెనక్కి లాగడం. ఇంకొక దానిలో మెడను మెల్లగా తిప్పి వెనక్కి చూస్తారు. చివరిది మడమలు ఎత్తి దించడం, ఏడుసార్లు. ఊపిరి బిగబట్టకుండా, కదలికతో పాటు తీసుకుంటూ వదులుతూ ఉంటారు. అంతా కలిపి పావుగంట పని. పరుగులేదు, ఖర్చులేదు.

నేను ఈ సంగతులు చెబుతుంటే మంచం మీద కూర్చున్న ఆమె భర్త నవ్వాడు. "నలభై ఏళ్ళు నాగలి పట్టినోడికి ఎక్సర్‌సైజులేంటి అయ్యగారూ?" న్యాయమైన మాటే. కాని ఆయన నాగలి వదిలి ఆరేళ్ళయింది. పొలం కౌలుకిచ్చాక మంచం నుంచి అరుగుకి, అరుగు నుంచి మంచానికి. వయసు మీదపడిన కొద్దీ కండ తగ్గుతుంది, వాడకపోతే మరీ త్వరగా తగ్గుతుంది. పాత కష్టం దాచుకున్న డబ్బు కాదు, ఇప్పుడు తీసి వాడుకోవడానికి.

మన సంఘాలలో పెద్దవాళ్ళను మంచాన పడేసేది చాలాసార్లు పెద్ద జబ్బు కాదు. రాత్రి బయటికి వెళ్తూ గడప తగిలి పడడం, స్నానాల గదిలో జారడం. తుంటి ఎముక విరిగితే మంచం, మంచంతో పుండ్లు, నిమ్ము. అలాంటి ఇళ్ళకు ఎన్నిసార్లు వెళ్ళానో! చీగాంగ్‌కు దగ్గర బంధువైన తైచీ గురించి 2018లో అమెరికాలో ఒక పరిశోధన వెలువడింది. పడిపోయే ప్రమాదం ఉన్న 70 ఏళ్ళు దాటినవారు 670 మందిని మూడు గుంపులు చేశారు. నిలకడ కోసం మలచిన తైచీని వారానికి రెండుసార్లు చేసినవారు, ఒళ్ళు సాగదీసే వ్యాయామం మాత్రమే చేసినవారికంటే 58 శాతం తక్కువగా పడ్డారు. బరువును ఒక కాలి నుంచి ఇంకొక కాలికి మెల్లగా మార్చడం నేర్చుకున్న ఒంటికి, తూలినప్పుడు నిలదొక్కుకోవడం తెలుస్తుంది.

ఇక పూజ సంగతి. పాత చైనా ఆలోచనలో చీ అంటే ఒంట్లో తిరిగే జీవశక్తి. తావో, బౌద్ధ మతాల సాధనలతో ఇది కలిసిపోయిన మాట నిజం. అలాంటి శక్తి ఉందని వైద్యశాస్త్రం రుజువు చేయలేదు. 1980లలో, 90లలో చైనాలో చీగాంగ్ వెర్రి రేగి, చేయి చాపి రోగాలు పోగొడతామన్న గురువులు పెద్దపెద్ద సభలు పెట్టారు. వాళ్ళను నమ్మి మందులు మానేస్తే ప్రాణానికే ముప్పు. కాబట్టి ఆ తల్లికి నేను చెప్పినది ఇది: చేయి ఎత్తడం పూజ కాదమ్మా, మడమ ఎత్తడం అసలే కాదు. ఎవరైనా నాలోని శక్తిని నీలోకి పంపుతానంటే మాత్రం లేచి వచ్చెయ్యి.

బి.పి., షుగరు మాత్రలు ఎప్పటిలాగే వేసుకోవాలి. కళ్ళు తిరిగేవారు కుర్చీలో కూర్చుని చేతుల కదలికలు చేయవచ్చు. ఎముకలు గుల్లబారినవారు, ఆపరేషన్ అయినవారు డాక్టరును అడగకుండా ముందుకు వంగకూడదు, మడమలను దబ్బున నేలకు వేయకూడదు. మొదట కిటికీ ఊచ పట్టుకుని, పక్కన ఒక మనిషి ఉండగా మొదలుపెట్టాలి.

మొన్న మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. ఆమె కిటికీ దగ్గర నిలబడి మడమలు ఎత్తుతోంది. ఆయన మంచం మీద నుంచే లెక్కపెడుతున్నాడు. నాలుగు దగ్గర ఆపి, "ఆ కిటికీకి ఇంకొకరికి చోటుంటదా?" అని అడిగాడు.