విందులో పిల్లలు చూస్తున్నారు!

మొఘల్‌పురాలో పెళ్లిళ్ల కాలం వస్తే రాత్రిళ్లు నిద్ర ఉండదు. ఏదో ఒక గల్లీలో మర్ఫా మోగుతూనే ఉంటుంది. ఇరవై ఏళ్లుగా ఆ సందడి మధ్యే కాపురమున్న నాకు పండుగ సంతోషం మీద ఫిర్యాదేమీ లేదు. నా బాధల్లా ఒక విశ్వాసి ఇంట్లో చూసిన చిన్న దృశ్యం గురించే.

ఆ ఇంట్లో బిడ్డ మొదటి పుట్టినరోజు కృతజ్ఞతా కూడిక. పాటలు, వాక్యం, ప్రార్థన అయ్యాయి. బిర్యానీ వడ్డిస్తుండగా కొందరు మగవాళ్లు ఒక్కొక్కరే డాబా మీదికి జారుకున్నారు. పాస్టరుకు తెలియదని వారి నమ్మకం, తెలియనట్టు ఉండటం నా అలవాటు! ఇంతలో ఆరేళ్ల మనవడు స్టీలు గ్లాసులో కూల్‌డ్రింక్ పోసుకుని, పక్కవాడి గ్లాసుకు తాకించి, గటగటా తాగి, అచ్చం తాతయ్యలా తూలుతూ నడిచి చూపించాడు. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ నవ్వే గొంతులో ముల్లయింది.

సెమినరీ రోజుల్లో ఒక పుస్తకంలో చూసిన బారోక్ కాలపు చిత్రం అప్పుడు గుర్తొచ్చింది. డచ్ చిత్రకారుడు యాన్ స్టేన్ (1626–1679) 1668–70 ప్రాంతంలో గీసిన ఆ చిత్రం నేడు హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది. మన గోల్కొండను అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుతూ, డచ్చివారి ఓడలు మచిలీపట్నంలో మన అద్దకం బట్టలు ఎక్కించుకుంటున్న రోజులవి.

అందులో ఉన్నది బిడ్డ పుట్టిన ఇంటి విందు. బాప్తిస్మపు విందని పండితులంటారు. అవ్వ కాగితం చూసి పాడుతోంది. ఒకామె చాచిన గ్లాసులోకి ద్రాక్షారసం ధారగా పడుతోంది. ఒక యువకుడు బ్యాగ్‌పైపు ఊదుతున్నాడు. ఒకాయన పెద్దగా నవ్వుతూ చిన్న కొడుక్కి పొగగొట్టం పీల్చడం నేర్పుతున్నాడు. పైన ఒక చిలుక కూర్చుని ఉంది. పెద్దలు పాడినట్టే పిల్లలు ఊదుతారన్న డచ్ సామెతే ఆ చిత్రం పేరు. ‘ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?’ అని మనమూ అంటాం కదా!

అయితే నన్ను పట్టుకున్నది మరొకటి. నవ్వుతూ పొగ నేర్పుతున్న ఆ తండ్రి ముఖం చిత్రకారుడిదే! బీరు కాచే ఇంట పుట్టి, తానూ మద్యశాల నడిపిన స్టేన్, తప్పును పొరుగువాడి మీదికి నెట్టకుండా తన ముఖమే అక్కడ గీసుకున్నాడు. మరి మా కూడికలో నవ్విన ముఖాల్లో నాదీ ఉంది.

అలాగని విందులే పాపమనే విశ్వాసులతో నేను ఏకీభవించను. యేసుప్రభువు కానాలో పెళ్లి విందుకెళ్లి ఆ ఇంటి పరువు నిలబెట్టాడు (యోహాను 2:1–11). యోబు తన పిల్లల విందుల్ని మాన్పించలేదు. కానీ ఆ దినాలు గడవగానే వేకువనే లేచి ఒక్కొక్కరి కోసం దహనబలి అర్పించేవాడు (యోబు 1:4,5). సంతోషాన్ని నిషేధించడం తేలిక, చూడనట్టు ఊరుకోవడం ఇంకా తేలిక. పిల్లల ఆత్మల కోసం మేల్కొని ఉండటమే కష్టం. యోబు ఆ కష్టాన్నే ఎన్నుకున్నాడు.

తర్వాతి వారం ఆ తాతయ్య దగ్గరికెళ్లి జరిగింది చెప్పి, ‘నేనూ నవ్వాను, క్షమించండి’ అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి తలవంచుకుని, ‘వాడు నాలాగే నడిచాడా అయ్యగారూ?’ అని అడిగాడు. ఇద్దరం అక్కడే మోకరించాం.

ప్రియులారా! మన ఇళ్లలో పాటలుండాలి, బిర్యానీ ఉండాలి, నవ్వులూ ఉండాలి. కానీ డాబా ఎంత ఎత్తున ఉన్నా పిల్లల కళ్లకు అందుతుంది. మనం అక్కడ చేసేది రేపు వారు నట్టింట్లో చేస్తారు. అప్పుడు నవ్వడానికి మనకు మనసు రాదు!