ముందు తవ్వినోడిదేనా నీళ్లు?

వాల్టా చట్టం 2002లో వచ్చింది. నీళ్లు, భూమి, చెట్లు కాపాడతామని దాని పేరే చెబుతుంది. రాష్ట్రాలు రెండయినా చట్టం అదే నడుస్తున్నది. బావి, బోరు ఏదైనా రిజిస్టరు చేయించాలి. కొత్త బోరుకి పర్మిషన్ తీసుకోవాలి. నీళ్లు అతిగా తోడేసిన గ్రామమని ప్రకటిస్తే అక్కడ సాగుకి కొత్త బోరు వెయ్యకూడదు. కట్టడి ఉండాల్సిందే, మేము కాదనం. నీళ్లు అడుగంటితే మొదట ఎండేది మన వాడ చేతిపంపే.

అయితే అడుగంటించింది ఎవరు? 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం నుంచీ భూమి ఎవరిదో దాని కింది నీళ్లూ వాళ్లవే అన్న లెక్క నడుస్తున్నది. అంటే భూమి లేనోళ్లకి నీళ్లూ లేవన్నమాట! పెద్దరైతులు ఒక బోరు ఎండితే ఇంకోటి, అదీ ఎండితే మరోటి దించారు. 2004లో ఉచిత కరెంటు వచ్చింది, అదీ మోటరు ఉన్నోడికే గదా. మనం అసైన్డు పట్టా సంపాదించి, రాళ్లేరి చేను చేసుకుని, బోరుకి దరఖాస్తు పెట్టేసరికి ఊరు ఆ జాబితాలో ఉంటుంది. పర్మిషన్ లేదు పొమ్మంటారు. ముందు తవ్వినోడి మోటరు మాత్రం ఆగదు. తింటున్నోడి విస్తరి కదల్చరు, వెనక వచ్చినోడికి వడ్డన అయిపోయిందంటారు.

అదే చట్టంలో మనకి పనికొచ్చే మాటలూ ఉన్నాయి. ఆఫీసుల్లో ఎవరూ చదివి వినిపించరు. ఊరి తాగునీటి బోరుకి 250 మీటర్ల లోపల పర్మిషన్ లేకుండా సాగు బోరు వెయ్యడానికి వీల్లేదు. 1996 చట్టం నుంచీ ఉన్న షరతే ఇది. నీటిమట్టం దెబ్బతింటుందనుకుంటే ఒక ప్రాంతంలో తోడటాన్ని విడతకి 6 నెలల దాకా ఆపే అధికారం కూడా ఉంది. మరి ఆ అధికారం పెద్ద మోటార్ల జోలికి ఎందుకు పోదు?

మాదిగపల్లె తాగే చెరువు దగ్గర కుడితి బకెట్లు కడగొద్దన్నందుకు 1985 జూలైలో కారంచేడు నెత్తురుమడుగయింది. అప్పుడు చెరువు కంటికి కనపడింది, నిలబడి అడగటానికి గట్టు ఉంది. ఇప్పుడు వాడ నీళ్లు నేల కిందినుంచే పోతున్నాయి, ఎవరి బోరులోకో కనపడదు. అందుకే బోర్ల రిజిస్టరు గ్రామసభలో పైకి చదవాలంటున్నాం. ఆంక్షలు పాత మోటార్లకీ పెట్టాలి. అట్లా మిగిలిన నీళ్లలో అసైన్డు చేలకి ఉమ్మడి బోర్లు ఇవ్వాలి.

వచ్చే గ్రామసభ లోపు వాడ తాగునీటి బోరు దగ్గర టేపు పట్టండి. 250 మీటర్లలో ఎన్ని మోటార్లున్నాయో, ఏ ఏడు వేసినవో రాసుకోండి. తహసీల్దారుకి కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. రిజిస్టరు చూపమంటే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఒక నకలు మాకు పంపండి.